తల్లి పళ్ళెం వెనుక దాగిన వ్యాధి

మన ఇళ్ళలో ఒక స్త్రీ గర్భం దాల్చిందన్న శుభవార్త తెలియగానే అందరి దృష్టీ ఆమె తిండి మీదికి మళ్ళుతుంది. ఏమి తిన్నది, ఎంత తిన్నది, పాలు త్రాగిందా, ఖర్జూరాలు తీసుకున్నదా అని పుట్టింటివారూ అత్తింటివారూ పదేపదే వాకబు చేస్తారు. ఇది ప్రేమతో కూడిన ఆచారమే. అయితే ఆమె ఎంత తిన్నదని అడిగేవారే గాని, తినేటప్పుడు ఆమె మనసులో ఏమి జరుగుతున్నదని అడిగేవారు అరుదు.

అన్నం ముద్ద చేతిలోకి తీసుకోగానే భయంతో వణికే గర్భిణులు ఉన్నారు. తిన్నది బయటికి వచ్చేవరకు స్థిమితపడలేనివారు ఉన్నారు. అర్ధరాత్రి అందరూ నిద్రించిన తరువాత వంటగదిలో ఆయాసం వచ్చేలా తిని, తెల్లవార్లూ సిగ్గుతో కుమిలిపోయే బాలింతలు ఉన్నారు. వీరు మొండివారు కారు. అల్లాహ్ అనుగ్రహాల పట్ల కృతఘ్నులూ కారు. వీరు రోగులు. వైద్యశాస్త్రం ఈ రోగాన్ని గుర్తించి 150 సంవత్సరాలు దాటింది. మన ఇళ్ళలో మాత్రం దానికి ఇంకా పేరే లేదు.

ఈ రుగ్మతలు ఏమిటి?

ఆహారంతో మనిషికి ఉండవలసిన సహజ సంబంధం చెడిపోయి, ఆ బాధ నిత్యజీవితాన్నీ ఆరోగ్యాన్నీ దెబ్బతీసే స్థితిని వైద్యులు ఈటింగ్ డిజార్డర్ అంటారు. దీనిని మనం ఆహార రుగ్మత అనుకోవచ్చు. ఇందులో కొన్ని రకాలు ఉన్నాయి.

మొదటిది అనొరెక్సియా నెర్వోసా. లండన్ వైద్యుడు విలియం గల్ 1873లో దీనికి ఈ పేరు పెట్టాడు. బరువు పెరుగుతానేమోనన్న తీవ్ర భయంతో తిండిని తగ్గించుకుంటూ పోవటం దీని లక్షణం. శరీరం ఎముకల గూడుగా మారినా అద్దంలో తాను లావుగానే కనిపించటం ఈ వ్యాధి చేసే మోసం.

రెండవది బులీమియా నెర్వోసా. బ్రిటిష్ మానసిక వైద్యుడు జెరాల్డ్ రస్సెల్ 1979లో దీనిని వివరించాడు. అదుపు తప్పి తినటం, ఆ పిదప భయంతో బలవంతంగా వాంతి చేసుకోవటం, విరేచనాల మాత్రలు మింగటం లేదా మరునాడంతా పస్తు ఉండటం ఇందులో కనిపిస్తాయి. ఈ రోగి బరువు మామూలుగానే ఉండవచ్చు. అందువల్లనే ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు.

మూడవది బింజ్ ఈటింగ్. కొద్ది సమయంలో, ఆకలి లేకున్నా, ఆపుకోలేని విధంగా తినటం, ఆ తరువాత తన మీద తనకే రోత కలగటం దీని స్వభావం. ఇందులో వాంతి చేసుకోవటం ఉండదు. దీనిని తిండిపోతుతనమని ఎగతాళి చేయటం మన సమాజంలో సర్వసాధారణం.

నాలుగవది పైకా. మట్టి, సుద్ద, బలపం, బొగ్గు, పచ్చి బియ్యం వంటివి తినాలన్న తీవ్రమైన కోరిక ఇది. గర్భిణుల కోరికల్లో ఇదీ ఒకటని పెద్దలు నవ్వి ఊరుకుంటారు. నిజానికి ఇది చాలాసార్లు రక్తహీనతతో ముడిపడి ఉంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో గర్భిణుల్లో 52.2 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు. మట్టితో పాటు పురుగుల గుడ్లు, సీసం వంటి విషపదార్థాలు కడుపులోకి చేరవచ్చు. కాబట్టి బలపం తినే గర్భిణిని మందలించి వదిలివేయక, రక్తపరీక్ష చేయించటం మన బాధ్యత. ఇనుము లోపం తీరిన తరువాత ఆ కోరిక తగ్గిపోవటం తరచుగా కనిపించే విషయమే.

“తిను” అంటే సరిపోదా?

“తినటానికి ఏమి కష్టం? నోట్లో పెట్టుకుంటే సరి” అని ఆశ్చర్యపోయేవారు చాలామంది. వారి కోసం ఒక పాత పరిశోధనను ప్రస్తావిస్తాము. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఆధ్వర్యంలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు స్వచ్ఛందంగా 24 వారాల పాటు ఇంచుమించు సగం తిండితో గడిపారు. వారికి అంతకుముందు ఏ మానసిక వ్యాధీ లేదు. వారాలు గడిచేకొద్దీ వారి ఆలోచనలన్నీ తిండి చుట్టూనే తిరగసాగాయి. చిరాకు, దిగులు, ఒంటరితనం పెరిగాయి. తిరిగి తిండి దొరికిన తరువాత కొందరు ఎంత తిన్నా ఆపుకోలేకపోయారు.

దీనినుండి మనం గ్రహించవలసింది ఒకటి ఉన్నది. పస్తు శరీరాన్ని మాత్రమే కాదు, మెదడును కూడా మార్చివేస్తుంది. పస్తు వల్ల భయం పెరుగుతుంది. భయం వల్ల పస్తు పెరుగుతుంది. ఈ వలయంలో చిక్కుకున్న స్త్రీని “తిను” అని ఆజ్ఞాపించటం, జ్వరం వచ్చినవారిని వేడి తగ్గించుకోమని ఆజ్ఞాపించటం వంటిదే.

గర్భంలో ఎందుకు బయటపడదు?

గర్భధారణ కొందరిని ఈ వ్యాధి నుండి దూరం చేస్తుంది, మరికొందరిని దానిలోకి నెట్టుతుంది. నార్వేలో 1999 నుండి 2008 వరకు లక్షకు పైగా గర్భాలను నమోదు చేసిన ఒక బృహత్ అధ్యయనంలో ఈ రెండూ కనిపించాయి. బులీమియా ఉన్న స్త్రీలలో చాలామందికి గర్భం తొలి నెలల్లో లక్షణాలు తగ్గాయి. అదే సమయంలో కొందరికి బింజ్ ఈటింగ్ కొత్తగా మొదలయింది. బిడ్డ మీది ప్రేమ ఒక బలమైన ఔషధమని మొదటి విషయం చెబుతుంది. ప్రేమ ఒక్కటే చాలదని రెండవది చెబుతుంది.

గర్భంలో ఈ వ్యాధి దాగటానికి చోటు ఎక్కువ. వాంతులయితే వేవిళ్ళని అనుకుంటాము. తినకపోతే నోరు సహించటం లేదంటాము. ఎక్కువగా తింటే ఇద్దరి కోసం తింటున్నదని సంతోషిస్తాము. వదులైన బుర్ఖాలో శరీరం చిక్కిపోవటం వెంటనే కనిపించదు. అయితే వేవిళ్ళకూ ఈ వ్యాధికీ భేదం ఉన్నది. వేవిళ్ళతో బాధపడే స్త్రీ వాంతి ఆగాలని కోరుకుంటుంది. ఈ వ్యాధిగ్రస్తురాలికి వాంతి అయితే గాని నెమ్మది కలగదు. సాధారణంగా నాలుగైదు నెలలకు వేవిళ్ళు తగ్గుముఖం పడతాయి. ఆ తరువాత కూడా భోజనం ముగిసిన ప్రతిసారీ ఆమె స్నానాల గదికి వెళ్ళి తలుపు వేసుకుంటుంటే, మనం ఆలోచించాలి. వేవిళ్ళు కూడా మితిమీరితే వైద్యం అవసరమేనని మరువరాదు.

మరికొన్ని గుర్తులు కూడా ఉన్నాయి. అందరితో కలిసి తినటం మానుకోవటం, “నేను ఇంతకుముందే తిన్నాను” అని ప్రతిపూటా తప్పించుకోవటం, రోజుకు పలుమార్లు బరువు చూసుకోవటం, నెలలు నిండుతున్నా బరువు పెరగకపోవటం, పళ్ళు అరిగి పులుపు తగిలితే జివ్వుమనటం, వంటగదిలో తినుబండారాలు రహస్యంగా మాయం కావటం వంటివి. వీటిలో ఏ ఒక్కటీ తనంతట తాను వ్యాధికి రుజువు కాదు. కొన్ని కలిసి కనిపిస్తే మాత్రం శ్రద్ధ వహించవలసిందే.

తల్లి శరీరం అడిగే హక్కు

గర్భిణి బరువు పెరగటం కొవ్వు చేరటం కాదని మన ఆడపిల్లలకు ముందుగానే తెలియజేయాలి. గర్భానికి ముందు మామూలు బరువు ఉన్న స్త్రీ తొమ్మిది నెలల్లో 11.5 నుండి 16 కిలోల వరకు పెరగటం ఆరోగ్యకరమని అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2009లో సూచించింది. ఇందులో బిడ్డ సుమారు 3 కిలోలు. మాయ, ఉమ్మనీరు, పెరిగిన గర్భాశయం, అధికంగా తయారయిన రక్తం మరికొంత భాగం. మిగిలినది పాల కోసం శరీరం ముందుగా కూడబెట్టుకునే నిల్వ.

అలాగని ఇద్దరి తిండి తినవలసిన అవసరమూ లేదు. భారత వైద్య పరిశోధన మండలి సిఫారసు ప్రకారం గర్భిణికి రోజుకు అదనంగా కావలసినవి 350 కిలో క్యాలరీలు. అంటే సుమారుగా రెండు చిన్న రొట్టెలు, ఒక కప్పు పప్పు, కొంచెం పాలు. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు 600, తరువాతి ఆరు నెలలు 520 కిలో క్యాలరీలు అదనంగా అవసరం. 1918లో కూనూరులో ప్రారంభమై 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ ఈ మండలికి చెందినదే. మన నగరంలోనే ఉన్న ఈ విజ్ఞానం మన వంటింటి దాకా రావటం లేదు.

ఈ హక్కు అందకపోతే నష్టం ఇద్దరికీ కలుగుతుంది. తల్లికి రక్తహీనత, ఎముకల బలహీనత, పదేపదే వాంతుల వల్ల పొటాషియం పడిపోయి గుండె లయ తప్పటం వంటి ప్రమాదాలు ఉన్నాయి. బిడ్డ నెలలు నిండకుండా పుట్టవచ్చు, లేదా 2.5 కిలోల కన్నా తక్కువ బరువుతో పుట్టవచ్చు. అదుపు తప్పిన తిండి వల్ల బరువు మితిమీరితే మధుమేహం, రక్తపోటు, కష్టకాన్పు ఎదురుకావచ్చు.

కాన్పు తరువాతి కాలం

గర్భంలో తగ్గిన వ్యాధి కాన్పు తరువాత తిరిగి తలెత్తటం సాధారణం. నిద్ర లేమి, పాలు చాలవన్న బెంగ, మారిన శరీరం, వీటికి తోడు చూడవచ్చిన వారి మాటలు. అఖీఖా విందుకు వచ్చిన బంధువులు బిడ్డను దీవించి, తల్లితో “కడుపు ఇంకా తగ్గలేదేమిటి?” అని అంటారు. మరొకరు “ఫలానా వారి కోడలు నెలకే సన్నబడింది” అని పోల్చుతారు. అన్నవారు ఆ మాటను గడప దాటగానే మరచిపోతారు. విన్న తల్లి ఆ రాత్రి అన్నం ముట్టదు. స్త్రీలు తోటి స్త్రీలను పరిహసించరాదని, ఒకరినొకరు ఎత్తిపొడవరాదని దివ్య ఖుర్ఆన్ హుజురాత్ సూరాలో ప్రత్యేకంగా హెచ్చరించిన సంగతి మనం విందు ఇళ్ళలో గుర్తుచేసుకోవాలి.

బాలింత పథ్యం పేరిట కొన్ని ఇళ్ళలో నీరు, పప్పు, కూరగాయలు, పండ్లు మానిపిస్తారు. ఇది ఆరోగ్యవంతురాలికే మేలు కాదు. తిండి అంటే భయపడే స్త్రీకి ఇది పస్తు ఉండటానికి ఇంటివారే ఇచ్చిన అనుమతి పత్రం అవుతుంది. మరికొన్ని ఇళ్ళలో నలభై రోజుల చిల్లా ముగిసేవరకు హరీరా, నెయ్యి లడ్డూలు బలవంతంగా తినిపిస్తారు. ప్రేమతో చేసిన హరీరా మంచిదే. బలవంతంగా నోట కుక్కినది మాత్రం వాంతిగానో కన్నీరుగానో బయటికి వస్తుంది.

ఈ సందర్భంలో మర్యమ్ సూరా మనకు ఒక మర్యాద నేర్పుతున్నది. పురిటి నొప్పులతో ఖర్జూర చెట్టు మొదట ఒంటరిగా కూర్చున్న హజ్రత్ మర్యమ్ (అ)కు మొదట అందినది ఆహారం కాదు, దుఃఖించవద్దన్న ఓదార్పు. ఆ తరువాత నీటి ఊట, ఆ తరువాత తాజా ఖర్జూరాలు, తిని త్రాగి కన్నులు చల్లబరచుకొమ్మన్న ఆదేశం. ముందు మనసుకు ఊరట, పిదప పళ్ళెం. ఈ వరుస క్రమాన్ని మనం తలక్రిందులు చేస్తున్నాము.

రోజా, రుఖ్సత్, రోగం

మన సమాజంలో ఈ వ్యాధి దాగటానికి మరొక చోటు ఉన్నది, అది ఉపవాసం. దీనిని గురించి మాట్లాడటానికి జంకుతాము. కాని మాట్లాడక తప్పదు.

రోగికీ ప్రయాణికుడికీ రోజా విషయంలో అల్లాహ్ వెసులుబాటు కల్పించినట్లు బఖర సూరాలో ఉన్నది. గర్భిణికీ పాలిచ్చే తల్లికీ ఈ వెసులుబాటు ఉన్నట్లు దైవప్రవక్త (స) హదీసు ద్వారా తెలుస్తున్నది. తనకు గాని బిడ్డకు గాని హాని కలుగుతుందని భయపడే తల్లి రోజా వాయిదా వేయవచ్చునని నాలుగు మజ్‌హబ్‌లూ అంగీకరించాయి. హనఫీ మజ్‌హబ్ ప్రకారం తరువాత ఖజా చెల్లిస్తే సరిపోతుంది. ఇతర మజ్‌హబ్‌లలో కొన్ని సందర్భాల్లో ఫిద్‌యా కూడా ఉన్నది. నిఫాస్ రోజుల్లో బాలింతకు రోజా లేనే లేదు.

ఇంత విశాలమైన రుఖ్సత్ ఉండగా, బలహీనంగా ఉన్న గర్భిణి వైద్యురాలు వారించినా రమజాన్ రోజాలన్నీ ఉంటానంటే, ఆ తరువాత నఫిల్ రోజాలు కూడా ఉంటానంటే, ఇంటివారు ఆమె ఈమాన్‌ను మెచ్చుకుంటారు. ఆమెలో భక్తి ఉండవచ్చు. భక్తి ముసుగులో వ్యాధి కూడా ఉండవచ్చు. తేడా తెలుసుకోవటం ఎట్లా? రోజాదారుకు రెండు సంతోషాలు ఉన్నాయని, వాటిలో ఒకటి ఇఫ్తార్ వేళ కలిగే సంతోషమని హదీసు. ఎవరికి ఇఫ్తార్ సంతోషానికి బదులు భయం కలిగిస్తుందో, మగ్రిబ్ అజాన్ వినగానే ఎవరి గుండె దడదడలాడుతుందో, సహరీ వదిలివేయటానికి ఎవరు సాకులు వెతుకుతారో, వారి పస్తులో రోగం కలిసి ఉన్నదేమోనని చూడాలి.

బులీమియా ఉన్న స్త్రీ మరొక బాధ పడుతుంది. కావాలని వాంతి చేసుకుంటే రోజా భంగమవుతుంది. ఆ ఎరుక ఆమె సిగ్గును రెట్టింపు చేస్తుంది. తాను పాపాత్మురాలినని కుమిలిపోతుందే గాని రోగినని అనుకోదు. అటువంటి సోదరికి మేము చెప్పేది ఒక్కటే. మీ సంగతి వైద్యురాలికి చెప్పండి, నమ్మకమైన ఆలిమ్‌కు చెప్పండి. రోగికి ఇచ్చిన వెసులుబాటు మీకు కూడా వర్తిస్తుందేమో వారిద్దరి సలహాతో తేల్చుకోండి. అల్లాహ్ ఇచ్చిన సౌకర్యాన్ని స్వీకరించటం కూడా విధేయతే. ప్రతిదినం రోజా ఉండే హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి)ను దైవప్రవక్త (స) వారించి, శరీరానికి కూడా మన మీద హక్కు ఉన్నదని బోధించారు. గర్భిణి విషయంలో హక్కుదారులు ఇద్దరు.

ఇంటివారు చేయవలసినది

మొదట, ఆమె శరీరం గురించిన వ్యాఖ్యలు ఇంట్లో పూర్తిగా ఆపివేయాలి. లావు అయ్యావనీ సన్నబడ్డావనీ అనరాదు. “ముఖం కళకళలాడుతోంది” అన్న మెచ్చుకోలు కూడా ఈ రోగికి బరువు పెరిగానన్న అర్థంలోనే వినిపించవచ్చు. దైవప్రవక్త (స) ఏ ఆహారాన్నీ ఎన్నడూ తప్పుపట్టలేదని, ఇష్టమైతే తినేవారని, లేకుంటే వదిలివేసేవారని హదీసు గ్రంథాల్లో ఉన్నది. దస్తర్‌ఖాన్ దగ్గర తిండి గురించి తగవు లేకుండా ఉండటం సున్నత్‌కు దగ్గరి విషయం.

రెండవది, భర్త ఏకాంతంలో నెమ్మదిగా అడగాలి. “ఎందుకు తినవు?” అని కాక, “భోజనం వేళ నీకు కష్టంగా ఉంటున్నట్లు గమనించాను. నేను ఏమి చేయగలను?” అని అడగాలి. మొదటిసారి ఆమె కాదనవచ్చు. కోపగించక మరొకసారి అడగాలి. ఆమె చెప్పిన దానిని తన తల్లికీ అక్కచెల్లెళ్ళకూ చేరవేయరాదు. అది అమానత్.

మూడవది, అత్తగారైనా తల్లి అయినా ఆమెతో కలిసి కూర్చుని తినాలి. ఆమె పళ్ళెం వంక చూడక, వేరే మాటలు చెబుతూ తినాలి. తిన్న తరువాత ఒక అరగంట, గంట ఒంటరిగా వదలక బిడ్డ బట్టలు సర్దటమో, కబుర్లో పెట్టుకుంటే వాంతి చేసుకోవాలన్న ఉధృతి చాలావరకు దాటిపోతుంది.

నాలుగవది, ఎంతోకాలంగా పస్తులున్న స్త్రీకి ఒక్కసారిగా ఎక్కువ తినిపించరాదు. శరీరంలోని లవణాలు తారుమారై ప్రాణాపాయం కలగవచ్చు. బాగా చిక్కిపోయినవారికి ఆహారం పెంచటం వైద్యుల పర్యవేక్షణలోనే జరగాలి.

వైద్యం ఉన్నది

చికిత్స చేయించుకొమ్మని, అల్లాహ్ వార్ధక్యానికి తప్ప ప్రతి వ్యాధికీ మందు సృష్టించాడని దైవప్రవక్త (స) తెలిపారు. ఈ వ్యాధికి కూడా చికిత్స ఉన్నది. ఆలోచనల ధోరణిని మార్చే సంభాషణా చికిత్స బులీమియాకూ బింజ్ ఈటింగ్‌కూ బాగా పనిచేస్తుంది. మూడు పూటల భోజనం, మధ్యలో రెండు మూడు సార్లు స్వల్పాహారం, మూడు నాలుగు గంటలకు మించి ఎడం లేకుండా తినటం ఈ చికిత్సకు పునాది. అవసరమైతే బిడ్డకు పాలిచ్చే తల్లికి తగిన మందులను వైద్యులు ఎంచి ఇస్తారు. మందులను సొంతంగా మొదలుపెట్టటం గాని మానటం గాని చేయరాదు.

తొలి అడుగు కాన్పు చూసే వైద్యురాలికి చెప్పటమే. ప్రతినెలా 9వ తేదీన ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో గర్భిణులకు వైద్యులు ఉచితంగా పరీక్షలు చేస్తారు. అక్కడైనా చెప్పవచ్చు. బరువు అంకె చూస్తే భయం కలిగేవారు తూకం మీద వెనుకకు తిరిగి నిలబడి, అంకె పైకి చదవవద్దని కోరవచ్చు. వాంతి అయిన వెంటనే పళ్ళు తోమక, నీటితో పుక్కిలించాలి. పళ్ళ పై పొర కాపాడుకోవటానికి ఇది అవసరం. నాలుగవ నెల నుండి ఇచ్చే ఇనుము మాత్రలు 180 రోజులు, కాన్పు తరువాత మరొక 180 రోజులు వాడాలి. మాత్ర వాంతిలో పోతున్నదేమో వైద్యురాలికి చెప్పాలి. మానసిక సహాయం కోసం టెలీ మానస్ వారి 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

స్పృహ తప్పటం, గుండె దడ, వాంతిలో రక్తం, రోజంతా నీళ్ళు కూడా ఇమడకపోవటం, కడుపులో బిడ్డ కదలికలు తగ్గటం, బ్రతకాలని లేదన్న మాట వినిపించటం, వీటిలో ఏది కనిపించినా మరునాటికి వాయిదా వేయక ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

తల్లి బలహీనత మీద బలహీనత భరిస్తూ బిడ్డను మోస్తుందని లుఖ్మాన్ సూరా సాక్ష్యమిస్తున్నది. ఆ బలహీనతను అల్లాహ్ గుర్తించి గౌరవించాడు. దానిని మొండితనమని మనం నిందించటం తగదు. ఈ నెల మీ ఇంట గర్భిణి గాని బాలింత గాని ఉంటే, ఆమె ఎంత తిన్నదని అడిగే ముందు ఆమె పక్కన కాసేపు కూర్చోండి. చెప్పుకోవటానికి ఒక మనిషి ఉన్నదన్న ధైర్యం కలిగితే, వైద్యురాలి దాకా నడవటానికి ఆమెకు దారి దొరుకుతుంది.